చిల్లులు పడ్డ ఆకు ఎవరిది?

రెండో తరగతి పిల్ల ఒకతి బడి ఆవరణలోంచి చిల్లులు పడ్డ ఆకొకటి తెంపుకొచ్చి టీచర్ చేతిలో పెట్టింది అనుకుందాం. "టీచర్, దీన్ని పురుగు పాడుచేసింది!" టీచర్ "అయ్యో, మందు కొట్టిద్దాంలే" అనొచ్చు. లేదా "ఎవరు తిన్నారో చూద్దాం పద" అని ఆ పిల్ల వెంట మొక్క దాకా నడిచి, ఆకుల్ని ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూడొచ్చు. మూడో ఆకుకో నాలుగో ఆకుకో, నడిమి ఈనెకు అతుక్కుని, అచ్చం ఆకు రంగులోనే ఒక గొంగళిపురుగు కనబడుతుంది. కింది ఆకు మీద ఆవగింజల్లాంటి నల్లటి రెట్టలు రాలి ఉంటాయి. నిజానికి ముందు కళ్లబడేవి అవే. వాటిని చూసి తలెత్తితే పురుగు దొరుకుతుంది. ఒకసారి ఈ కిటుకు పట్టుకున్న పిల్ల ఇక ఏ మొక్క దగ్గరా ఊరికే నిలబడదు.

స్థానిక జంతువుల్ని, మొక్కల్ని కాపాడుకోవడం ప్రాథమిక తరగతుల్లో ఎలా నేర్పాలన్న ప్రశ్న పైకి చాలా తేలిగ్గా కనిపిస్తుంది. "చెట్లు నాటండి, జంతువులను ప్రేమించండి" అని గోడ మీద రాస్తే సరిపోతుందనిపిస్తుంది. దిగితేనే లోతు తెలిసేది. నాటిన చెట్టే ముప్పు కావచ్చు. ప్రేమతో వదిలిన జంతువే ఇంకో పది జంతువుల ప్రాణం తీయొచ్చు. ఒక్కోచోట కాపాడటమంటే చంపడం కూడా. ఏడేళ్ల పిల్లకు ఇదంతా ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలి?

ముందు ఆ "స్థానికం" అన్న మాటే చూద్దాం. మనుషులు తెచ్చి వదలకుండా తనంతట తాను ఒకచోటికి చేరి, అక్కడి మట్టితో, వానతో, తోటి జీవులతో వేల ఏళ్లుగా సర్దుకుంటూ వచ్చిన జీవి అక్కడి స్థానిక జీవి. అంటే స్థానికత అనేది జీవి ఒంట్లో ఉండే గుణం కాదు, దాని చిరునామాకు సంబంధించిన సంగతి. దీనికి బ్రష్‌టెయిల్ పాసమ్‌ను మించిన ఉదాహరణ లేదు. గుబురు తోక, పెద్ద కళ్లు, పిల్లను కడుపు సంచిలో మోసే జంతువు. ఆస్ట్రేలియాలో అది స్థానిక జీవి, చట్టం దానికి రక్షణ ఇస్తుంది. 1837 నుంచి దాన్ని బొచ్చు వ్యాపారం కోసం సముద్రం దాటించి న్యూజిలాండ్‌లో వదిలారు. గబ్బిలాలు తప్ప నేల మీద తిరిగే స్థానిక క్షీరదమే లేని దేశమది. అక్కడి చెట్లకు గాని, నేల మీద గూడు పెట్టే పక్షులకు గాని ఇలాంటి జంతువుతో వ్యవహారం తెలియదు. పాసమ్ ఆకులు బోడి చేసింది, గుడ్లు తింది, పిల్లల్ని తింది. ఒక తీరాన కాపాడాల్సిన జంతువు, ఇంకో తీరాన వదిలించుకోవాల్సిన బెడద. హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్లపంది కథా అంతే. బ్రిటన్‌లో దాని సంఖ్య తగ్గిపోతోందని బెంగపడుతున్నారు. అక్కడినుంచే న్యూజిలాండ్ వెళ్లిన ముళ్లపందిని అక్కడివాళ్లు బోను పెట్టి పడుతున్నారు.

ఇంకో సంగతి. బయటినుంచి వచ్చిందల్లా హాని చేయదు. మనం పండించే పంటల్లో చాలా భాగం ఎక్కడో పుట్టి ఇంకెక్కడో స్థిరపడినవే. వచ్చినవాటిలో కొన్ని మాత్రమే, తమను అదుపు చేసే శత్రువులు కొత్తచోట లేకపోవడంతో, పగ్గం లేకుండా విస్తరించి మిగతావాటిని తొక్కేస్తాయి. వాటినే ఆక్రమణ జాతులంటాం. కాబట్టి పిల్లల ముందు రెండు గళ్లు గీయకూడదు, మూడు గీయాలి: ఇక్కడివి, బయటినుంచి వచ్చినవి, వచ్చి ఆక్రమించినవి. రెండు గళ్లే గీస్తే "మనవి మంచివి, బయటివి చెడ్డవి" అన్న పాఠం మిగులుతుంది. అదే బెంచీ మీద వేరే ఊరినుంచో దేశంనుంచో వలస వచ్చిన కుటుంబం పిల్లాడు కూర్చుని వింటుంటాడని మరిచిపోవద్దు. "దొంగ మొక్క", "శత్రు జంతువు" లాంటి మాటలు క్లాసులో వాడకపోవడమే మేలు. ఆ జంతువు దండెత్తి రాలేదు. దాన్ని ఎవరో పెట్టెలో పెట్టి తెచ్చారు. ఆస్ట్రేలియాలో 1935లో చెరకు పురుగుల్ని తింటాయని హవాయి నుంచి 102 కేన్ టోడ్ కప్పల్ని తెప్పించింది మనుషులే. అవి ఆ పురుగుల్ని పట్టించుకోలేదు. కాని ఒంటినిండా విషమున్న ఆ కప్పల్ని నోట కరుచుకున్న స్థానిక జంతువులు మాత్రం చచ్చాయి. ఈ కథ పిల్లలకు చెప్పినప్పుడు తప్పు ఎవరిదని అడిగి చూడండి. కప్పదని చెప్పేవాళ్లు తక్కువ.

పేరు తెలియనిదాన్ని ఎలా కాపాడతారు?

2002లో సైన్స్ పత్రికలో కేంబ్రిడ్జ్‌కు చెందిన ఆండ్రూ బామ్‌ఫర్డ్ బృందం ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. బ్రిటన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలు 109 మందికి రెండు రకాల బొమ్మల కార్డులు చూపించారు. ఒక కట్టలో అక్కడి స్థానిక జంతువులు, మొక్కలు. ఇంకో కట్టలో పోకేమాన్ అనే ఆటలోని ఊహాజీవులు. నాలుగేళ్ల పిల్లలు స్థానిక జీవుల్లో 32 శాతం గుర్తుపట్టారు, పోకేమాన్ 7 శాతమే. ఎనిమిదేళ్లకు లెక్క తిరగబడింది. స్థానిక జీవులు 53 శాతం, పోకేమాన్ 78 శాతం.

ఈ అంకెలు పట్టుకుని "ఈ కాలం పిల్లలు" అని నిట్టూర్చేవాళ్లున్నారు. నాకైతే ఇందులో ఆశ కనిపిస్తుంది. పేర్లు, రూపాలు, ఎవరి బలం ఏమిటి, ఎవరు ఎవరిగా మారతారు అన్నవి వందల కొద్దీ గుర్తుపెట్టుకునే శక్తి ఎనిమిదేళ్ల బుర్రకు దండిగా ఉంది. ఆ శక్తికి పెరట్లోని పురుగుల్ని, పొదల్ని మేత వేసే పెద్దవాళ్లే కరువు. గొంగళిపురుగు ప్యూపాగా, ప్యూపా సీతాకోకచిలుకగా మారడం కంటే పెద్ద రూపాంతరం ఏ ఆటలోనూ లేదు.

మొక్కల విషయంలో మరో చిక్కుంది. అడవి బొమ్మ చూపించి ఏం కనబడుతోందని అడిగితే పులి, కోతి, చిలుక అంటారు. వాటి చుట్టూ ఉన్న యాభై రకాల ఆకుపచ్చ ఎవరి కంటికీ ఆనదు. 1999లో వాండర్సీ, షుస్లర్ అనే అమెరికన్ విద్యావేత్తలు దీనికి "మొక్కల అంధత్వం" అని పేరు పెట్టారు. పసిపిల్లలకు ఇది మరీ సహజం. కదిలేదే బతికున్నది అన్నది వాళ్ల తొలి లెక్క. మొక్క కూడా బతికున్నదే అని పుస్తకం చెప్పినా, ఆ మాట నిజంగా ఒంటబట్టడానికి చాలా ఏళ్లే పడుతుంది. అందుకే మొక్క దగ్గరికి నేరుగా కాకుండా, దాన్ని తినే పురుగు మీదుగా తీసుకెళ్లడం తెలివైన దారి.

ఆ దారిలో వెళ్తే ఎంత దూరం పోవచ్చో చికడీ అనే ఉత్తర అమెరికా పక్షి చూపిస్తుంది. బరువు పది గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఒక్క ఈతలో పుట్టిన పిల్లలు గూడు వదిలి ఎగిరేలోగా తల్లిదండ్రులు వాటికి తెచ్చిపెట్టే గొంగళిపురుగులు 6,000 నుంచి 9,000. అన్ని పురుగులు ఎక్కడినుంచి రావాలి? కీటక శాస్త్రవేత్త డగ్ టాలమీ లెక్క ప్రకారం అక్కడి స్థానిక ఓక్ చెట్ల మీద 500కు పైగా జాతుల గొంగళిపురుగులు బతుకుతాయి. ఆసియా నుంచి తెచ్చి వీధుల వెంట నాటిన గింకో చెట్టు మీద బతికేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రతి మొక్కా తన ఆకుల్లో ఏదో ఒక విషాన్ని దాచుకుంటుంది. దాన్ని అరిగించుకునే విద్య తరతరాలుగా దాని పక్కనే పెరిగిన పురుగులకే అబ్బుతుంది. గింకో చూడటానికి బంగారంలా ఉంటుంది, ఆకుకు ఒక్క చిల్లు పడదు. చికడీకి అది చెట్టు ఆకారంలో ఉన్న స్తంభంతో సమానం. 2018లో వాషింగ్టన్ పరిసరాల పెరళ్ల మీద వచ్చిన పరిశోధనలో, మొక్కల్లో స్థానికమైనవి 70 శాతం కంటే తక్కువున్న చోట చికడీలు తమ సంఖ్యను నిలుపుకోలేకపోయాయని తేలింది.

ఈ లెక్క తెలిశాక రెండో తరగతి పిల్ల చేతిలోని చిల్లుల ఆకు విలువ మారిపోతుంది. చిల్లు పడని ఆకుల తోటనే అనుమానించాలి.

మనసు మంచిదే, చేసిన పనే

బళ్లలో పర్యావరణం పేరిట జరిగే కార్యక్రమాల్లో నన్ను ఇబ్బంది పెట్టేది నిర్లక్ష్యం కాదు, ఉత్సాహం.

మొనార్క్ సీతాకోకచిలుక సంగతి చూడండి. ఉత్తర అమెరికాలో శీతాకాలానికి ముందు వేల కిలోమీటర్లు ఎగిరి మెక్సికో కొండల్లోకి చేరే జీవి. దాని లార్వా జిల్లేడు కుటుంబానికే చెందిన మిల్క్‌వీడ్ మొక్కల్ని తప్ప మరోటి ముట్టదు. మొనార్కులు తగ్గిపోతున్నాయని తెలిసి జనం ఎగబడి మిల్క్‌వీడ్ నాటారు. నర్సరీల్లో తేలిగ్గా దొరికేది, ఎర్రగా పసుప్పచ్చగా ఏడాదంతా పూసేది, ఇంకా దక్షిణాన పుట్టిన ఉష్ణమండల రకం. స్థానిక మిల్క్‌వీడ్ చలికాలానికి ఎండిపోతుంది. ఈ రకం వెచ్చటి రాష్ట్రాల్లో ఎండిపోదు. దాంతో కొన్ని మొనార్కులు వలస మానేసి అక్కడే ఉండిపోయాయి. వాటి ఒంటి పొలుసుల మీద ఓఈ అనే సూక్ష్మ పరాన్నజీవి రేణువులు ఉంటాయి. ఏటా మొక్క ఎండినప్పుడు ఆ రేణువులూ పోయేవి. ఇప్పుడు అదే మొక్క మీద తరం వెనుక తరం పేరుకుపోతున్నాయి. పేరు ఒకటే, పువ్వు అందంగానే ఉంది, నాటినవాళ్ల మనసూ మంచిదే. అయినా ఫలితం ఇది.

తరగతి గదిలో గొంగళిపురుగును సీసాలో పెంచి సీతాకోకచిలుకగా వదలడమూ ఇలాంటిదే. చూసే కళ్లకు అంతకంటే గొప్ప పాఠం లేదు, కాదనను. కాని 2019లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించిందేమిటంటే, వ్యాపారులు తరతరాలుగా పెంచి అమ్ముతున్న మొనార్కులకు దక్షిణానికి తిరిగే దిక్కు తెలివే పోయింది. అడవి మొనార్కుల సంతానాన్ని గది లోపల పెంచినా ఆ తెలివి దెబ్బతింది. కాబట్టి చూడటానికైతే బడి మొక్క మీదే ఉన్న ఒకటి రెండు పురుగుల్ని అక్కడే చూడాలి. సంఖ్య పెంచుతున్నామన్న భ్రమతో పార్శిల్లో తెప్పించిన వాటిని ఎగరేయడం సంరక్షణ కాదు, వేడుక.

సెలవులు రాగానే క్లాసు తొట్టెలోని తాబేలును, చేపల్ని "స్వేచ్ఛ ఇద్దాం" అని చెరువులో వదిలేయడం అన్నిటికంటే ప్రమాదం. అమెరికా, కెనడాల్లో దాదాపు 2,000 మంది టీచర్లతో చేసిన ఒక సర్వే ఫలితాలు 2012లో బయటికొచ్చాయి. క్లాసులో బతికున్న జీవుల్ని వాడిన టీచర్లలో ప్రతి నలుగురిలో ఒకరు పాఠం అయ్యాక వాటిని బయట వదిలేశామన్నారు. కణత మీద ఎర్రటి చారతో ముద్దుగా ఉండే రెడ్ ఇయర్డ్ స్లయిడర్ తాబేలు మిసిసిపీ నది ప్రాంతంలో పుట్టింది. ఇప్పుడు అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల నీళ్లలోనూ ఉంది. ఇంతదూరం అది ఈదుకుంటూ రాలేదు.

తేనెటీగల మాట కూడా చెప్పాలి. "తేనెటీగల్ని కాపాడండి" పోస్టరు మీద ఎప్పుడూ పెట్టెల్లో పెంచే యూరోపియన్ తేనెటీగే ఉంటుంది. అది ఒక రకంగా పశువు, ఆవులాగా. ప్రపంచంలో తేనెటీగల కోవకు చెందిన జాతులు 20,000 దాకా ఉన్నాయి. వాటిలో అత్యధికం పట్టు పెట్టవు, తేనె దాచవు, ఒంటరిగా బతుకుతాయి. చాలావాటి గూడు నేలలో పెన్సిలు పట్టేంత బొరియ. వాటికోసం పిల్లలు చేయగలిగిన పని ఏమిటో తెలుసా? ఎండ పడే చోట గజం నేలను తవ్వకుండా, రాళ్లు పరవకుండా, గడ్డి కప్పకుండా వదిలేయడం. ఫొటోకు పనికిరాని పని. అందుకే ఎవరూ చేయరు.

ఇక చెట్లు. దక్షిణాఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ ప్రాంతంలో దాదాపు 9,000 జాతుల మొక్కలున్నాయి. వాటిలో 70 శాతం దాకా భూమ్మీద ఇంకెక్కడా పుట్టవు. ఎక్కువగా మోకాలెత్తు, నడుమెత్తు పొదలే. ఫిన్‌బోస్ అంటారు. అక్కడ నాటిన పైన్‌లు, ఆస్ట్రేలియా తుమ్మ జాతి చెట్లు కొండల మీదికి పాకి, పొదల్ని కప్పేసి, వాగుల్లోకి దిగాల్సిన నీటిని తాగేశాయి. 1995 నుంచి అక్కడి ప్రభుత్వం "వర్కింగ్ ఫర్ వాటర్" పేరుతో వేల మందికి కూలి ఇచ్చి ఆ చెట్లను కొట్టిస్తోంది. అంటే ఒక కొండ మీద గొడ్డలి పట్టినవాడే సంరక్షకుడు. చెట్టు నాటినవాడు అమాయకుడు. మొక్కల పండగనాడు ఈ మాట చెప్పడం ఏ ప్రధానోపాధ్యాయుడికీ రుచించదు గాని, నాలుగో తరగతి పిల్లలకు చెబితే ఇట్టే అర్థం చేసుకుంటారు. "ఇక్కడ ముందు ఏముండేది?" అన్న ప్రశ్న వాళ్లకు అలవాటు చేస్తే చాలు.

చంపడం గురించి పిల్లలతో

దీన్ని తప్పించుకోలేం. న్యూజిలాండ్ 2016లో పెట్టుకున్న లక్ష్యం ప్రకారం 2050 నాటికి ఎలుకలు, స్టోట్‌లు, పాసమ్‌లు అక్కడ ఉండకూడదు. కుందేళ్ల బెడద తీర్చడానికి 1880లలో తెచ్చిన ముంగిసలాంటి స్టోట్, కుందేళ్లతో పాటు ఎగరలేని కివి పక్షుల పిల్లల్ని కూడా తినడం మొదలుపెట్టింది. ఈ పనిలో బళ్లూ చేరాయి. పిల్లలు చెక్క బోను పెట్టెలు తయారుచేస్తారు, ఎర పెడతారు, లెక్క రాస్తారు. ఇక్కడే గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న వస్తుంది. 2017లో అక్కడ ఒక బడి నిధుల కోసం పాసమ్ వేట పోటీ పెట్టింది. చంపిన తల్లుల సంచుల్లో దొరికిన పిల్లల్ని బకెట్ నీళ్లలో ముంచి చంపారు. దేశమంతా గగ్గోలెత్తింది. ఎత్తడం సబబే. అవసరం కొద్దీ, బాధ తెలియకుండా చేయాల్సిన పని ఒకటి. దాన్ని పందెంగా, సరదాగా మార్చడం వేరొకటి. పిల్లలు మనం చేసిన పని కంటే ఆ పని చేస్తున్నప్పుడు మన మొహం ఎలా ఉందో బాగా గుర్తుపెట్టుకుంటారు.

వయసు లెక్క కూడా ఉంది. అమెరికా విద్యావేత్త డేవిడ్ సోబెల్ 1996లో ఒక హెచ్చరిక చేశాడు: నాలుగో తరగతి లోపు విషాదాలు వద్దు. తగలబడే అడవులు, అంతరించే జాతులు, గడువు మించుతున్న గడియారం చిన్నపిల్లల ముందు పెడితే వాళ్లలో పట్టుదల పుట్టదు, ప్రకృతి అంటేనే భయం పుడుతుంది. నేను దీన్ని ఇనుప నియమంలా పట్టుకోను. రెక్క విరిగిన పిట్టను ఒకటో తరగతి పిల్లలూ చూస్తారు, దాని గురించి అడుగుతారు, జవాబు చెప్పాలి. కాని వరస మాత్రం అదే. ముందు పరిచయం, తర్వాత బంధుత్వం, ఆ తర్వాతే బెంగ. కెంటకీలోనూ నార్వేలోనూ పర్యావరణం కోసం పనిచేసేవాళ్లను "మీరు ఇటు ఎలా వచ్చారు" అని పరిశోధకురాలు లూయిస్ చావ్లా అడిగితే, అందరికంటే ఎక్కువగా వినిపించినవి రెండు: చిన్నప్పుడు చెట్టూ పుట్టా తిరిగిన కాలం, పక్కన నిలబడి "ఇదిగో చూడు" అన్న ఒక పెద్ద మనిషి.

చంపడం జోలికి పోకుండానే పిల్లలు నిజమైన సమాచారం సేకరించే పనులున్నాయి. పాదముద్రల సొరంగం వాటిలో ఒకటి. మూర పొడవున్న నల్లటి ప్లాస్టిక్ గొట్టం, లోపల తెల్ల అట్ట, అట్ట మధ్యలో సిరా పూసిన పట్టీ, దాని మీద చెంచాడు వేరుశనగ వెన్న. సాయంత్రం పొద చాటున పెట్టి పొద్దున్నే తీస్తారు. వాసనకు వచ్చిన జీవి సిరా తొక్కి అవతలి వైపు నడుచుకుంటూ పోతుంది. అట్ట బయటికి లాగే క్షణంలో క్లాసంతా ఊపిరి బిగబడుతుంది. నాలుగు చుక్కలు ఒకచోట, ఐదు చుక్కలు ఇంకోచోట. ఎలుక ముందు కాలికి నాలుగు వేళ్లు, వెనక కాలికి ఐదు. పక్కన సన్నటి గీతల్లా ఏదో కీటకం నడిచిన జాడ. ఎవరూ ఎవరినీ చూడలేదు, అయినా రాత్రి ఇక్కడికి ఎవరెవరు వచ్చారో తెలిసిపోయింది. తేదీ రాసి ఆ అట్టల్ని దాచిపెడితే, ఏడాది తిరిగేసరికి ఆ పొద చరిత్ర తయారవుతుంది.

ఈ చదువు ఇంటిదాకా వెళ్తుందా అంటే, వెళ్తుంది. కోస్టారికాలో పిల్లలకు స్కార్లెట్ మకా పక్షి గురించి రంగులు వేసే పుస్తకంతో నెల రోజుల పాఠం చెప్పి, ఆనక వాళ్ల తల్లిదండ్రుల్నీ ఇరుగుపొరుగునీ పరీక్షిస్తే, పాఠం వినని పెద్దవాళ్లలోనూ ఆ తెలివిడి పెరిగిందని 2003లో వచ్చిన అధ్యయనం చెప్పింది. సెయింట్ లూసియా ద్వీపం కథ ఇంకా పెద్దది. ఆ ద్వీపంలో తప్ప ఎక్కడా లేని చిలుక 1970ల చివరికి 150 దాకా మిగిలింది. పాల్ బట్లర్ అనే కుర్ర బ్రిటిష్ పరిశోధకుడు అటవీ శాఖతో కలిసి బడి బడికీ తిరిగి, చిలుక వేషం కట్టించి, ఇది మన చిలుక అనిపించాడు. 1979లో అది జాతీయ పక్షి అయింది. తర్వాతి దశాబ్దాల్లో సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది. అయితే ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది ఒక ముక్క మింగేస్తారు. 1980లో కొత్త వన్యప్రాణి చట్టం వచ్చింది, అడవికి కాపలా దొరికింది. పిల్లలు ఇంట్లో మాట్లాడారు, పెద్దవాళ్లు చేయాల్సింది పెద్దవాళ్లు చేశారు. పెద్దల పని కూడా పిల్లల నెత్తిన పెట్టి "భవిష్యత్తు మీదే" అనడం తప్పించుకునే ఎత్తు.

కాలం మాట ఒకటి మిగిలింది. బడికి ఏడాది ఫలితాలు కావాలి, ప్రకృతికి ఆ తొందర లేదు. యూరప్ తోటల్లో కుళ్లుతున్న దుంగల కింద స్టాగ్ బీటిల్ అనే పెద్ద కొమ్ముల పేడపురుగులాంటి కీటకం పెరుగుతుంది. దాని లార్వా మట్టిలో పుచ్చిన చెక్క తింటూ మూడు నుంచి ఏడేళ్లు ఉండిపోతుంది. పురుగై బయటికొచ్చాక బతికేది కొన్ని వారాలే. ఒకటో తరగతి పిల్లలు దుంగను సగం పాతిపెడితే, అది పైకొచ్చే నాటికి వాళ్లు బడే మారిపోయి ఉండొచ్చు. అందుకని ఇలాంటి పని పెట్టుకున్న టీచర్ ఒక నోటుపుస్తకం తెరవాలి. దుంగ ఎక్కడుంది, ఏ చెట్టుది, ఏ రోజు పాతారు, ఎవరెవరు మోశారు, దాన్ని ఎందుకు కదపకూడదు. ఏటా జూన్ సాయంత్రాల్లో ఎవరో ఒకరు వెళ్లి చూసి, "ఇంకా ఏమీ రాలేదు" అని రాసి, కింద తరగతి పేరు వేసి, తర్వాతి క్లాసుకు ఇచ్చెయ్యాలి.